ఎడమ కాలిలో ఉంది పికప్ అంతా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి మీద తిరిగాయి. మంచి పవర్ ఉన్న మాన్యువల్ గేర్ కారు కొన్నాం, ఆగిన చోట నుంచి గట్టిగా లాగించాలంటే ఎలా, క్లచ్ కాలకుండా, టైర్లు అక్కడే గిర్రున తిరగకుండా ఎలా అని. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపేసి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: సార్, నాది వర్టస్ జీటీ ప్లస్, 1.5 టర్బో, మాన్యువల్. నాలుగు వేల ఆర్పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా రేజ్ చేసి క్లచ్ వదిలేస్తే ముందు టైర్లు పొగలు కక్కుతున్నాయి గానీ బండి కదలట్లేదు. సరే అని తక్కువ రేజ్‌తో వదిలితే ఇంజన్ ఆగిపోయేలా దబదబా కొట్టుకుంటోంది. అసలు కరెక్ట్ ఆర్పీఎమ్ ఎంతో ఒక్క నంబర్ చెప్పండి సార్. – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ ఒక్క నంబర్ కోసమే అందరూ వెతుకుతారండి, కానీ అది రోడ్డుని బట్టి, టైరుని బట్టి, ఆ రోజు ఎండని బట్టి కూడా మారిపోతుంది. అందుకే నంబర్ కంటే ముందు అక్కడ జరిగేది ఏంటో చూద్దాం. మీ ఇంజన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు. అది ఫస్ట్ గేర్‌లో, ఆపై శక్తిని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్‌లో గుణించుకుని చక్రాల దగ్గరికి వచ్చేసరికి సుమారుగా 13, 14 రెట్లు అవుతుంది. టైరు రోడ్డుని తాకే చోట దాన్ని తోపుడు బలంగా లెక్కేస్తే పదకొండు వేల న్యూటన్ల దాకా వస్తుంది. ఇక మీ ముందు టైర్లు ఎంత పట్టగలవో చూడండి. మీది ముందు చక్రాలు లాగే బండి, బండి ముందుకి దూకగానే బరువు వెనక్కి పోతుంది, అంటే సరిగ్గా పట్టు కావాల్సిన టైములోనే ముందు టైర్ల మీద బరువు తగ్గిపోతుంది. మామూలు రోడ్డు టైర్లతో, ఎండిన మంచి తారు మీద మీ సైజు ఫ్రంట్ వీల్ కారుకి దక్కే లాగుడు ఎంత బాగా చేసినా 0.5 జీ (బండి బరువులో సగమంత బలం) దరిదాపుల్లోనే, అంటే ఆరు, ఆరున్నర వేల న్యూటన్లు. మీ ఇంజన్ ఫస్ట్ గేర్‌లో ఇవ్వగలిగినదాంట్లో సగానికి కొంచెం పైన మాత్రమే టైరు తీసుకుంటుందన్నమాట. ఇంకా రేజ్ పెంచితే ఆ ఎక్కువంతా పొగ అవుతుంది తప్ప పికప్ అవ్వదు.

పైగా మీ టర్బో ఇంజన్‌కి ఫుల్ టార్క్ 1600 ఆర్పీఎమ్ నుంచే ఉంది, కాబట్టి నాలుగు వేలతో మీకు పనే లేదు. 2000 దగ్గర మొదలుపెట్టండి. రేజ్ అక్కడ నిలబెట్టి, క్లచ్ పెడల్ అడుగు నుంచి ఖాళీగా పైకి వచ్చే భాగాన్ని టక్కున వదిలేయండి, అక్కడ ఆలస్యం చేస్తే లాభం లేదు. ప్లేట్ పట్టుకోవడం మొదలైన చోట, అదే బైట్ పాయింట్ దగ్గర, కాలు ఆపండి. పూర్తిగా కాదు, పెడల్ పైకి వస్తూనే ఉండాలి కానీ చాలా మెల్లిగా రావాలి. ఈ హాఫ్ క్లచ్ ఒక సెకను పైచిలుకు ఉంటుంది, అంతే. ఉదాహరణకి 2500 తో వెళ్తే ఫస్ట్ గేర్‌లో బండి స్పీడు 20 కి.మీ. దగ్గరికి రాగానే ఇంజన్, గేర్‌బాక్సు రెండూ ఒకే స్పీడుకి కలిసిపోతాయి, ఆ క్షణంలో ఎడమ కాలు మొత్తం తీసేయాలి, కుడి కాలు అదే టైముకి కిందికి దిగుతూ ఉండాలి. రేజ్ పడిపోయి బండి గుద్దినట్టు అయితే తర్వాతిసారి ఒక 200 పెంచండి, టైరు అరిస్తే 200 తగ్గించండి. ఇలా మీ బండికి, ఆ రోడ్డుకి సరిపోయే నంబర్ మీకే దొరుకుతుంది.

టైరు శబ్దం బాగా వినండి. టైరు రోడ్డు స్పీడు కంటే పది పదిహేను శాతం ఎక్కువ తిరుగుతున్నప్పుడే దానికి ఎక్కువ పట్టు ఉంటుంది, ఆ టైములో సన్నగా ఒక కీచు వినిపిస్తుంది, అది మంచిదే. ఆ కీచు పెద్ద అరుపుగా మారితే పట్టు పోయినట్టే. అప్పుడు చాలామంది చేసే పని కుడి కాలు మొత్తం ఎత్తేయడం, దాంతో బరువంతా ముందుకి వచ్చి టైరు ఒక్కసారి పట్టుకుని బండి ఊగిపోతుంది, టైమంతా అక్కడే పోతుంది. కొంచెమే వెనక్కి తీయండి, ఒక పావు వంతు, టైరు సర్దుకోగానే మళ్లీ తొక్కండి. ఒక టైరే తిరిగి రెండోది ఊరికే ఉంటే అది ఓపెన్ డిఫరెన్షియల్ (పట్టు లేని చక్రాన్ని ఊరికే తిరగనిచ్చే రకం) గుణం, మీ తప్పేం లేదు, స్టీరింగ్ నిటారుగా పెట్టి, రెండు చక్రాలూ ఒకేలాంటి తారు మీద ఉండేలా బండిని నిలబెట్టుకోండి. ఒక వైపు ఇసుక ఉంటే చాలు, లాంచ్ (ఆగిన చోట నుంచి బండిని గట్టిగా ఎత్తడం) అక్కడితో అయిపోతుంది.

ప్రశ్న: బ్రేక్ మీద కాలు పెట్టి రేజ్ ఇస్తే ఇంజన్ ఎక్కడం లేదు, ఎక్కినా ఒక చోట ఆగిపోతోంది. బండిలో ఏమైనా లోపమా? షోరూంలో అడిగితే ఏం లేదంటున్నారు. – కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: షోరూం వాళ్లు చెప్పింది నిజమే. ఇప్పటి బండ్లలో బ్రేకు, యాక్సిలరేటరు రెండూ ఒకేసారి తొక్కితే కంప్యూటరు బ్రేక్ మాటే వింటుంది, ఇంజన్ పవర్ కోసేస్తుంది. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయినా బండి ఆగాలని సేఫ్టీ కోసం పెట్టిన ఏర్పాటు అది. దానితో పాటు కొన్ని కార్లలో బండి నిలబడి ఉన్నప్పుడు రేజ్‌కి వేరే లిమిట్ కూడా పెడతారు, గేర్‌బాక్సుని కాపాడటానికి. రెండింటినీ దాటాలని చూడకండి. చదునైన చోట అసలు బ్రేకే అక్కర్లేదు, బండి ఎక్కడికీ పోదు. కొంచెం వాలు ఉంటే చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ వాడండి, బటన్ నొక్కి పట్టుకుని లివర్ పైకే ఉంచి, క్లచ్ పట్టుకోగానే దించేయడం. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేక్ అయితే అది వదలడానికి తీసుకునే టైము మన చేతిలో ఉండదు కాబట్టి చదును చోటే నయం. ఆటో హోల్డ్ (ఆగినప్పుడు బ్రేకుని తనే పట్టి ఉంచే ఏర్పాటు) ఉంటే ఆఫ్ చేసుకోండి. ట్రాక్షన్ కంట్రోల్ (టైరు జారితే పవర్ కోసేసే ఏర్పాటు) ఆపాలా అని మీరు అడగలేదు గానీ చెప్తున్నా, కాలు కుదిరే దాకా ఆన్‌లోనే ఉంచండి. అది పవర్ కోసేసిన ప్రతిసారీ మీటర్లో లైటు మిణుకుతుంది కదా, ఆ లైటు వెలగకుండా బండి గట్టిగా లేచిన రోజున ఆపి చూడొచ్చు.

ప్రశ్న: నమస్తే అండి. మావారి ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ నేను కూడా నడుపుతాను. ట్రాక్ డేకి ఇద్దరం పేరు ఇచ్చాం. నాకు సిగ్నల్ దగ్గర మామూలుగా ఎత్తడం బాగానే వచ్చు, కానీ గట్టిగా ఎత్తబోతే ఎడమ కాలు వణుకుతుంది, క్లచ్ ఒక్కసారిగా జారిపోతుంది. – వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలా మంచి ప్రశ్న అండి, అందరూ ఆర్పీఎమ్ గురించి అడుగుతారు, కాలు గురించి అడిగింది మీరొక్కరే. ముందు సీటు చూసుకోండి. క్లచ్ అడుగు దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. మోకాలు పూర్తిగా చాపుకుపోతే తొడ బలంతో తొక్కుతున్నట్టు, అందుకే ఆ వణుకు. సీటు రెండు నొక్కులు ముందుకి జరపండి, వీపు ఆనించే పలక కూడా కొంచెం నిటారుగా చేయండి.

తర్వాత మడమ. క్లచ్ పైనుంచి కిందికి మొత్తం ప్రయాణం మడమ నేల మీద పెట్టి చేయలేం, నిజమే, కానీ బైట్ పాయింట్ దగ్గర ఉన్న ఆ చిన్న ముక్క, ఒక రెండు మూడు సెంటీమీటర్లు, అదంతా మడమ నేలకి ఆనించి పాదం చీలమండ దగ్గర మడుస్తూ చేయొచ్చు. కాలు మొత్తం గాల్లో ఉంటే తొడ కండరం మోటుగా వదులుతుంది, మడమ ఆనితే పాదం సన్నగా వదులుతుంది. మీ పాదం చిన్నదై, మడమ ఆనితే పెడల్ అందకపోతే ఫ్లోర్ మ్యాట్ కింద గట్టి రబ్బరు షీటు వేయించుకోండి, జారకుండా బిగించాలి సుమా. చెప్పులు వద్దు, మందపాటి అడుగున్న స్పోర్ట్స్ షూ కూడా వద్దు, పలచటి అడుగున్న బూటు అయితే ప్లేటు పట్టుకునేటప్పుడు పెడల్‌లో వచ్చే సన్నటి అదురు పాదానికి తెలుస్తుంది.

ప్రాక్టీసు ఎలా అంటే, ఖాళీ చదును స్థలంలో యాక్సిలరేటర్ అస్సలు ముట్టుకోకుండా ఉత్త క్లచ్‌తోనే బండి కదిలించండి. మీటర్లో ముల్లు ఒక 50, 100 పడిపోయి బానెట్ కొంచెం ముక్కు ఎత్తినట్టు అవుతుంది చూశారా, అదీ బైట్ పాయింట్. అక్కడ ఆపి, మళ్లీ తొక్కి, మళ్లీ అక్కడికే రండి. చూడకుండా అక్కడికి కాలు వెళ్లేదాకా రేజ్ జోలికి పోవద్దు. మీ బండికి 172 న్యూటన్ మీటర్లే కాబట్టి టైర్లు అంత తేలిగ్గా జారవు, కాలు కుదుర్చుకోవడానికి ఇంత మంచి బండి ఇంకోటి ఉండదు.

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటా, 2018 మస్టాంగ్ జీటీ, ఆరు గేర్ల మాన్యువల్ తీసుకున్నా. వచ్చే నెల ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌కి ఫ్రెండ్స్‌తో వెళ్దామనుకుంటున్నా, జనాల ముందు పరువు పోకుండా ఏం చేయాలో చెప్పు. ఆటోమేటిక్ మస్టాంగ్ వాళ్లు మన మాన్యువల్‌ని లెక్క చేయట్లేదు అన్నా. – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: తమ్ముడూ, చాలా మంచి చోటికి వెళ్తున్నావ్, 1986లో మొదలైన డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి రేసు ట్రాకు) అది, పావు మైలు మొత్తం కాంక్రీటే. నీ బండి 460 హార్స్ పవర్, వెనక చక్రాలు తోసే బండి, పై విజయవాడ పాఠకుడి లెక్క నీకు తిరగబడుతుంది. బండి ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి పోతుంది అన్నాం కదా, నీకు అది వరం. 0.6 జీ తో లేస్తే సుమారు 200 కిలోల బరువు ముందు చక్రాల నుంచి వెనక చక్రాల మీదకి వస్తుంది. కానీ ఆ బరువు రావడానికి కొంచెం టైము పడుతుంది, స్ప్రింగులు నొక్కుకోవాలి, వెనక భాగం కూర్చోవాలి. క్లచ్ మీద నుంచి కాలు ఒక్కసారిగా పక్కకి లాగేసి వదిలితే బరువు రాకముందే టార్క్ వచ్చేస్తుంది, టైరు పట్టు తప్పుతుంది, ఒక్కోసారి వెనక చక్రాలు పట్టుకుంటూ వదులుతూ దడదడదడ ఎగురుతాయి, దాన్నే వీల్ హాప్ అంటారు. ఆ దడదడ వినపడిన మరుక్షణం కాలు తీసేయి, ఆ రన్ వదిలేయి. యాక్సిల్ షాఫ్టులు విరిగేది అలాంటప్పుడే.

నీ బండిలో ట్రాక్ యాప్స్ అనే మెనూలో మాన్యువల్‌కి కూడా లాంచ్ కంట్రోల్ ఉంది, నువ్వు పెట్టిన ఆర్పీఎమ్ దగ్గర ఇంజన్‌ని అదే పట్టుకుంటుంది, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి ఉంచినా దాటదు. దాన్ని తక్కువలో పెట్టి మొదలుపెట్టు. అయితే అది రేజ్‌నే చూసుకుంటుంది, క్లచ్ పని నీదే. ఇంకో సంగతి, స్టార్టింగ్ లైన్ దగ్గర జిగురు మందు కొడతారు, బూటు కూడా అతుక్కునేంత పట్టు ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ వెనక రోడ్డు మీద సరిపోయిన ఆర్పీఎమ్ అక్కడ పెడితే టైరు జారదు, ఇంజనే కుంగిపోతుంది. అక్కడ కొంచెం ఎక్కువ కావాలి, ఎంత అన్నది మొదటి ఒకటి రెండు రన్‌లు చెప్తాయి.

లైన్ దాకా వెళ్లేటప్పుడు నేల మీద నీళ్లు పోసిన చోటు కనిపిస్తుంది, వాటర్ బాక్స్ అంటారు, అది గాడులు లేని స్లిక్ టైర్ల వాళ్లకి. నీ మామూలు టైర్లతో దాంట్లోకి వెళ్లకు, చుట్టూ తిరిగి వెళ్లు. టైరు గాడుల్లో నీళ్లు ఇరుక్కుని స్టార్టింగ్ లైన్ దాకా కారుతాయి, నువ్వూ జారతావు, నీ వెనక వచ్చేవాడూ జారతాడు, అక్కడి జనానికి బాగా కోపం తెప్పించే పని అదే. వాటర్ బాక్స్ దాటాక ఒక రెండు సెకన్లు చక్రాలు తిప్పి దుమ్ము, చిన్న రాళ్లు దులిపేసుకుంటే చాలు. వెనక టైర్లలో గాలి నాలుగైదు పీఎస్ఐ తగ్గించొచ్చు, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకో.

తర్వాత లైట్లు. లైను దగ్గర ట్రాకుకి అడ్డంగా రెండు కాంతి కిరణాలు ఉంటాయి, ముందు టైరు మొదటిదాన్ని తాకితే ప్రీ స్టేజ్ లైటు, రెండోదాన్ని తాకితే స్టేజ్ లైటు వెలుగుతాయి. ప్రీ స్టేజ్ లైటు వెలిగాక అంగుళం అంగుళం జరుగుతూ స్టేజ్ లైటు వెలగగానే ఆపేయి, ఇంకా లోపలికి పోకు. నీ ముందు టైరు ఆ రెండో కిరణం దాటాకే గడియారం మొదలవుతుంది కాబట్టి లైను మొదట్లోనే ఆగితే ఒక అడుగు దాకా ఊరికే దొరుకుతుంది. ఆకుపచ్చ పడ్డాక నువ్వు ఆలస్యంగా కదిలినా నీ టైములో అది కలవదు, పక్కవాడితో గెలుపు ఓటముల్లో మాత్రం కలుస్తుంది. అందుకని మొదటి రోజు లైటుతో కంగారు పడొద్దు, పక్క లేన్ వైపు చూడొద్దు. రన్ అయ్యాక టైములు రాసిన స్లిప్ చేతికి ఇచ్చాక చివర్లో ఉన్న స్పీడు కాదు, పైన 60 అడుగులు అని ఉన్న టైము చూడు, నీ లాంచ్ బాగుందో లేదో చెప్పేది అదే. అక్కడ తగ్గించుకున్న పదో వంతు సెకను పావు మైలు చివరికి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాకా పెరిగి కనిపిస్తుంది. 13.99 సెకన్లు, అంతకంటే తక్కువలో వెళ్లే బండికి అక్కడ హెల్మెట్ తప్పనిసరి, నీది ఆ లెక్కలోకే వస్తుంది, ముందే తెచ్చుకో.

ప్రశ్న: ఎంత నేర్చుకున్నా మాన్యువల్‌తో ఆటోమేటిక్‌ని కొట్టగలమా సార్? – కర్నూలు

జవాబు: కంపెనీ లెక్కల్లో కొట్టలేం. మన దగ్గర 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2 చూడండి, 0-100 మాన్యువల్‌కి 4.3 సెకన్లు, ఆటోమేటిక్‌కి 4.1. పోర్షె 718 కేమన్ జీటీ4 అయితే మాన్యువల్ 4.4, పీడీకే (పోర్షె డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) 3.9. గేరు మారేటప్పుడు మాన్యువల్‌లో పవర్ తెగిపోతుంది, తర్వాతి గేరుని రెండో క్లచ్‌తో ముందే సిద్ధంగా ఉంచే డ్యూయల్ క్లచ్‌లో తెగదు, తేడా ఎక్కువగా అక్కడే. ఇంకోటి, కొన్ని బండ్లలో సెకండ్ గేరు 95, 97 దగ్గరే అయిపోతుంది, 100 కోసం థర్డ్ వేయాల్సి వస్తుంది, ఆ ఒక్క గేరు మార్పే ఒక పావు సెకను తినేస్తుంది, అంతమాత్రాన బండి నెమ్మది అని కాదు. గడియారంలో పావు సెకను పోయినా, ఒక మంచి లాంచ్ మీ రెండు కాళ్లతో మీరే చేశారన్న తృప్తి డీఎస్‌జీ లాంటి డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లో రాదు, నేనైతే ఇప్పటికీ మాన్యువలే కొనమంటాను.

ప్రశ్న: మా గ్యాంగ్ రాత్రి పన్నెండు దాటాక ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద సరదాగా రేసులు వేసుకుంటాం. ఖాళీగానే ఉంటుంది. టిప్స్ ఏమైనా? – పేరు రాయలేదు

జవాబు: టిప్స్ ఇవ్వను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసు పెట్టుకుంటే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచండి, సర్వీస్ రోడ్డు మీద లైటు లేని ట్రాక్టరు ఉంటుంది, రోడ్డు దాటే మనిషి ఉంటాడు, వాళ్లు మీ గ్యాంగ్‌లో లేరు, మీ సరదాకి ఒప్పుకోలేదు. బండి ఎత్తేటప్పుడు టైరు పట్టు తప్పితే అది ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో కారి మోటర్ స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి, ట్రాక్ డే పెట్టినప్పుడు డబ్బులు కట్టి వెళ్లండి. అంబులెన్సు, ఫైరు వాళ్లు పక్కనే నిలబడి ఉన్న చోట నిశ్చింతగా తొక్కొచ్చు.

ప్రశ్న: నాలుగైదు సార్లు ప్రాక్టీస్ చేసేసరికి కాలిన వాసన వచ్చింది. క్లచ్ పోయినట్టేనా? మళ్లీ చేయొచ్చా? – రాజమండ్రి

జవాబు: ఒకసారి వాసన వస్తే పోయినట్టు కాదండి, కానీ అక్కడ ఆపేయాల్సిందే. హాఫ్ క్లచ్‌లో ఉన్నంతసేపూ ఇంజన్ ఇచ్చే శక్తిలో కొంత వేడి కింద ప్లేటులోకి పోతుంది. చదును రోడ్డు మీద రేజ్ ఒకే చోట నిలబెట్టి ఎత్తితే, ఇంజన్, బండి కలిసే స్పీడు దగ్గర బండికి ఎంత గతిశక్తి వచ్చిందో దాదాపు అంతే వేడి క్లచ్‌లో పుడుతుంది. ఒక 1300 కిలోల బండిని 2500 తో ఎత్తితే అది 20 కిలోజౌళ్లు, అదే బండిని 5000 తో హాఫ్ క్లచ్ మీద ఎత్తితే 80. రేజ్ రెండింతలు, వేడి నాలుగింతలు. వెంట వెంటనే చేస్తే ఆ వేడి పోవడానికి టైము ఉండదు, ప్లేటు పైపొర గాజులా నున్నగా అయిపోతుంది, ఇక ఆ తర్వాత పట్టు రాదు.

రెండు లాంచ్‌ల మధ్య బండిని ఆపి ఉంచకుండా మూడు, నాలుగు గేర్లలో మెల్లిగా నాలుగైదు నిమిషాలు తిప్పండి, క్లచ్ పూర్తిగా వదిలి. నిలబడి ఉన్నప్పుడు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీద నుంచి కాలు తీసేయండి, తొక్కి పట్టుకుని కూర్చోవద్దు. మీ క్లచ్ ఎలా ఉందో చూడాలంటే, అంతా చల్లారాక ఖాళీ రోడ్డు మీద ఐదో గేరులో 50 దగ్గర వెళ్తూ యాక్సిలరేటర్ మొత్తం తొక్కండి. ముల్లు, స్పీడు రెండూ కలిసి మెల్లిగా ఎక్కితే బాగున్నట్టు. ఆర్పీఎమ్ గబుక్కున పైకి లేచి స్పీడు అక్కడే ఉంటే ప్లేటు జారుతోంది, మార్చాల్సిందే. మార్చేటప్పుడు మెకానిక్‌తో ఫ్లైవీల్ కూడా చూపించుకోండి. చాలా టర్బో బండ్లలో అది రెండు ముక్కల్లో, మధ్యలో స్ప్రింగులతో ఉంటుంది, క్లచ్ ఒక్కసారిగా వదిలే అలవాటుంటే ఆ స్ప్రింగులే ముందు దెబ్బతింటాయి, ఐడిల్‌లో గలగలమని శబ్దం వస్తుంది. ప్లేటు కొత్తదేసి పాత ఫ్లైవీల్ అలాగే బిగిస్తే కొన్నాళ్లకి గేర్‌బాక్సు మళ్లీ దించాల్సి వస్తుంది, లేబర్ రెండుసార్లు కట్టాలి. కొత్త ప్లేటు వేయించాక మొదటి ఐదారు వందల కిలోమీటర్లు ఊళ్లోనే మామూలుగా నడపండి, అది సర్దుకున్నాకే లాంచ్‌ల సంగతి.